రెండు వారాల పుణ్యం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఏ సందర్భంలో అన్నారో గాని, ఆ సామెతని మనం ఎక్కువగా వాడేది మాత్రం రచ్చకి బయల్దేరిన వాళ్ళని వెనక్కి లాగటానికే. ఇంట గెలవటమంటే ఏమిటో, ఎప్పటికి గెలిచినట్టో ఎవరూ చెప్పరు. అంట్లు తోమటం ఎప్పటికి పూర్తవుతుంది చెప్పండి? ఇవాళ తోమినవి రేపటికి మళ్ళీ అంట్లే కదా. ఇంటిపని అంతా అయ్యాకే బయటిపని అంటే, ఆడదానికి ఈ జన్మకి బయటిపని లేనట్టే.

ఈ సామెత మా ఇంట్లో ఒక నెలరోజుల పాటు రోజుకి రెండుసార్లు చొప్పున వినబడటానికి కారణం మా అక్కయ్య కూతురు. లండన్‌లో ఉద్యోగం చేస్తోంది. చిన్నప్పుడు గోడ మీద బొగ్గుతో మూడు గీతలు గీసి, మగపిల్లలతో సమానంగా క్రికెట్ ఆడిన పిల్ల. అక్కడ కూడా ఆదివారాలు ఏదో క్లబ్బులో ఆడుతుంది. 2019లో రెండు వారాలు సెలవు పెట్టి ఆఫ్రికాలోని రువాండా దేశానికి వెళ్ళి, అక్కడి స్కూలు పిల్లలకి క్రికెట్ నేర్పి వస్తానంది. ఊరికే క్రికెట్ కాదట. ఆటతో పాటు ఎయిడ్స్ గురించి కూడా చెబుతారట. జీతం, భత్యం లేవు సరికదా, ఖర్చులు కూడా ఎవరివి వాళ్ళే చందాలు పోగుచేసుకోవాలి.

మా అక్కయ్య ఫోన్లో ఒకటే గోల. "సెలవు దొరికితే కన్నవాళ్ళని చూసి పోదామని లేదు. ఆ పాడు జబ్బు సంగతి పెళ్ళికాని పిల్ల పరాయిదేశం వెళ్ళి చెప్పాలా? మన దగ్గర లేరుటే జబ్బు మనుషులు?"

అక్కయ్య అడిగింది కోపంలోనే అయినా, అది కోపం అని కొట్టిపారేసే ప్రశ్న కాదు. దగ్గరివాళ్ళకి చెయ్యని మేలు దూరంవాళ్ళకి చేస్తే అది మేలేనా? పోనీ మేలే అనుకుందాం. పద్నాలుగు రోజులుండి విమానమెక్కి వెళ్ళిపోయే మనిషి చేసే మేలు ఎంత కాలం నిలుస్తుంది?

ఆ పిల్ల వెళ్ళింది 'క్రికెట్ వితౌట్ బౌండరీస్' అనే బ్రిటన్ సంస్థ తరఫున. 2005లో మొదలైంది. రువాండా, కెన్యా, ఉగాండా, కామెరూన్, బోట్స్‌వానా లాంటి ఆఫ్రికా దేశాల్లో పనిచేసింది. క్రికెట్ తెలిసిన మామూలు ఉద్యోగస్తులు, టీచర్లు, చదువుకునే పిల్లలు రెండేసి వారాల చొప్పున వెళ్తారు. పిల్లలకి ఆట నేర్పుతారు, అక్కడి స్కూలు టీచర్లకి ఆట నేర్పే పద్ధతి నేర్పుతారు. ఆ ఆటలోనే హెచ్.ఐ.వి. కబుర్లు దొర్లిస్తారు. ఎలాగని అడిగితే మా అమ్మాయి చెప్పింది. "మూడు స్టంపులు నువ్వనుకో పిన్నీ. వచ్చే బంతి ఆ వైరస్. నీ చేతిలో బ్యాటు ఉంది. ఇంక ఏం చేస్తావ్?" అని. ఏం చేస్తాను, బ్యాటు అడ్డం పెడతాను. నాకు క్రికెట్ రాకపోయినా ఆ మాత్రం తెలిసింది. పదేళ్ళ పిల్లకి తెలియకుండా ఎలా ఉంటుంది?

చేదు మాత్రని బెల్లంలో పెట్టి మింగించటం మనకి కొత్తేం కాదు. బుర్రకథల్లో కుటుంబ నియంత్రణ చెప్పించిన వాళ్ళం. కాకపోతే బుర్రకథ చెప్పేవాళ్ళు మన వాళ్ళు, మన భాషలో చెప్పారు. ఇక్కడ చెప్పేది గుంటూరు పిల్ల, ఇంగ్లీషులో, కిన్యర్వాండా మాట్లాడే పిల్లలకి. నాకు కాస్త నవ్వొచ్చిందంటే మీరు నన్ను తప్పుపట్టరనుకుంటాను.

అయితే రువాండా గురించి చదివాక ఆ నవ్వు ఆగిపోయింది.

1994 ఏప్రిల్ నుంచి జూలై దాకా వంద రోజుల్లో ఆ చిన్న దేశంలో ఎనిమిది లక్షల మందికి పైగా జనాన్ని చంపేశారు. చంపినవాళ్ళలో చాలామంది ఇరుగుపొరుగే. ఆడవాళ్ళని చెరిచారు, అలా చావు తప్పించుకున్న వాళ్ళలో ఎంతోమందికి ఈ జబ్బు అంటుకుంది. ప్రాణం దక్కిందనుకుంటే ఆ ప్రాణంలోనే విషం. అంతకుముందు ఎప్పుడో ప్రాణభయంతో ఉగాండా, కెన్యా, టాంజానియా పారిపోయిన కుటుంబాల పిల్లలు ఆ తర్వాత స్వదేశానికి తిరిగొచ్చారు. వస్తూ వస్తూ అక్కడ నేర్చుకున్న క్రికెట్‌ని వెంట తెచ్చారు. అంటే రువాండాకి క్రికెట్ తెచ్చింది తెల్లవాళ్ళు కాదు, ఇల్లు చేరుకున్న కాందిశీకులు.

వాళ్ళకి చాలా ఏళ్ళపాటు ఉన్న ఒకే ఒక్క మైదానం రాజధాని కిగాలీలో, కికుకిరో అనే చోట ఒక సాంకేతిక పాఠశాల ఆవరణలో. 1994లో ఆ స్కూల్లో రెండువేల మందికి పైగా జనం తలదాచుకున్నారు. ఐక్యరాజ్యసమితి తరఫున బెల్జియం సైనికులు అక్కడ కాపలా ఉన్నారు గదా, మనకేం భయం అనుకున్నారు. ఏప్రిల్ 11న ఆ సైనికులు ట్రక్కులెక్కి వెళ్ళిపోయారు. బయట కత్తులతో కాచుకుని కూర్చున్న వాళ్ళకి ఇంకేం కావాలి? ఎక్కువమందిని దగ్గరలోని న్యాంజా కొండ దాకా నడిపించుకెళ్ళి మరీ చంపారు.

ఇది చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. పైనుంచి వచ్చినవాళ్ళు వెళ్ళిపోవటం అంటే ఏమిటో ఆ దేశానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. అలాంటి నేల మీద నిలబడి, రెండు వారాల తర్వాత వెళ్ళిపోయే పిల్ల "నిన్ను నువ్వు కాపాడుకో" అని చెబుతోంది. మాట మంచిదే. చెప్పే హక్కు ఎక్కడిది?

ఫోన్లో ఇదే అడిగాను. "హక్కు సంగతి నాకు తెలీదు పిన్నీ, వాళ్ళు పిలిచారు, వెళ్ళాం" అంది. పొడిగా అన్నా, అందులో విషయముంది. నా మటుకు నాకు దానధర్మాలకి ఒక్కటే కొలత. పుచ్చుకునేవాడికి "వద్దు" అనే వీలుందా, లేదా? మనం కట్టి విడిచిన చీర పనిమనిషికి ఇచ్చి, అది కట్టుకుని రాలేదని మూతి ముడుచుకుంటాం చూడండి, ఆ చీర దానం కాదు. నేపాల్, కంబోడియా లాంటి చోట్ల అనాథాశ్రమాలకి సేవకని విదేశీయులు వెళ్తుంటే, వాళ్ళిచ్చే డబ్బుకోసం తల్లో తండ్రో బతికున్న పిల్లల్ని కూడా అనాథలని చెప్పి ఉంచుకున్న సంగతులు బయటపడ్డాయి. ఆ పిల్లలకి "మాకు మీ సేవ వద్దు, అమ్మ కావాలి" అనే వీలు లేదు. అది సేవ కాదు, పాపం. ఆట అలా కాదు. ఇష్టం లేని పిల్ల బంతి అవతల పారేసి చెట్టుకింద కూర్చుంటుంది. ఎంత గొప్ప కోచ్ అయినా చెయ్యగలిగిందేం లేదు.

ఇకపోతే, ఇలా వెళ్ళేవాళ్ళు సంతోషం కోసం వెళ్తారు, ఫోటోలకోసం వెళ్తారు అని ఒక అభియోగం ఉంది. నిజమే, వెళ్తారు. మా అమ్మాయి కూడా నల్లపిల్లల మధ్య పళ్ళికిలించుకుంటూ దిగిన ఫోటోలు డజను పంపింది. ఫలం ఆశించకుండా పనిచెయ్యాలని గీత చెబుతోంది గాని, పని చేస్తూ సంతోషపడకూడదని చెప్పలేదు గదా! పదిమందికి వండి వడ్డించే ఇల్లాలు, వాళ్ళు ఆవురావురుమని తింటుంటే చూసి మురిసిపోతుంది. ఆ మురిపెం వల్ల పప్పులో ఉప్పు తగ్గదు. నన్నడిగితే, ముఖం ముడుచుకుని చేసే త్యాగం కన్నా నవ్వుతూ చేసే సాయమే పుచ్చుకునేవాళ్ళకి తేలిక.

అయినా ఏమాటకామాట చెప్పుకోవాలి. ఆ దేశం ఎవరో వచ్చి ఉద్ధరిస్తారని కూర్చోలేదు. సరైన మైదానం కట్టుకోవటానికి చందాలకోసం, 2016 మేలో ఆ దేశపు కెప్టెన్ ఎరిక్ దుసింగిజిమానా నెట్‌లో నిలబడి 51 గంటలు బ్యాటింగ్ చేశాడు. రెండు రాత్రులు నిద్ర మానుకుని! అంతకుముందు ఆ రికార్డు 50 గంటలతో మన పుణె కుర్రాడు విరాగ్ మారేది. 2017 అక్టోబరులో గహంగాలో కొత్త స్టేడియం తెరిచారు. 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో పందొమ్మిదేళ్ళలోపు అమ్మాయిల ప్రపంచకప్పు మొదటిసారి జరిగినప్పుడు రువాండా పిల్లలు జింబాబ్వేని, వెస్టిండీస్‌ని ఓడించారు. హెన్రియెట్ ఇషిమ్వే అనే అమ్మాయి వరసగా నాలుగు బంతుల్లో నాలుగు వికెట్లు తీసింది. ఆ కప్పు గెలిచింది మనవాళ్ళేననీ, ఫైనల్లో మన భద్రాచలం పిల్ల గొంగడి త్రిష ఆడిందనీ మా అక్కయ్యకి చెబితే, "అదీ, అలా మన దేశంకోసం ఆడాలి" అంది. అక్కయ్య అక్కయ్యే.

జబ్బు విషయంలోనూ అంతే. 2023 నాటికి రువాండా ఐక్యరాజ్యసమితి పెట్టిన లక్ష్యం అందుకుంది. వైరస్ ఉన్న నూరుమందిలో తొంభై అయిదుగురికి ఆ సంగతి తెలుసు, తెలిసిన నూరుమందిలో తొంభై అయిదుగురు మందులు వాడుతున్నారు, వాడుతున్న నూరుమందిలో తొంభై అయిదుగురి ఒంట్లో వైరస్ అణిగి ఉంది. ఇది క్రికెట్ వల్ల జరిగిందని ఎవరైనా అంటే నమ్మకండి. అక్కడి నర్సులు, ఊరూరా తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, ఎండలో లైన్లో నిలబడి మందులు తెచ్చుకున్న తల్లులు సాధించింది అది.

మరి బయటివాళ్ళు వెళ్ళటం దేనికి? నాకు తోచింది ఒక్కటే. సిగ్గు కోసం.

నవ్వకండి. మనదేశంలో ఈ జబ్బుని మొదట కనిపెట్టింది ఎవరో తెలుసా? 1986లో మద్రాసులో నిర్మల అనే వైద్య విద్యార్థిని. ప్రొఫెసర్ సునీతి సోలొమన్ పురమాయిస్తే, ఆ అమ్మాయి వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి రక్తం నమూనాలు పోగుచేసి, ఇంట్లో ఫ్రిజ్‌లో దాచింది. కూరగాయలు పెట్టుకునే ఫ్రిజ్‌లో! వేలూరు తీసుకెళ్ళి పరీక్ష చేస్తే ఆరుగురికి ఉన్నట్టు తేలింది. అప్పటిదాకా అది అమెరికా జబ్బు, మన సంస్కృతికి రాదు అనుకుంటూ కూర్చున్నాం. తర్వాత ఇరవై ఏళ్ళకల్లా మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ఎక్కువ కేసులున్న రాష్ట్రాల్లో ఒకటైంది. అంటే అక్కయ్య అన్నట్టు మన దగ్గరా ఉన్నారు. ఉండి మనమేం మాట్లాడుకున్నాం? ఏమీ లేదు.

మా పుట్టింటి వీధిలో ఒకావిడ ఉండేది. భర్త లారీ డ్రైవరు. 2005లో పోయాడు. "టి.బి." అన్నారు. మూడు నెలలకి ఆవిడ కూడా చిక్కిపోవటం మొదలెట్టింది. అప్పటినుంచి వీధిలో ఎవరూ ఆవిడింట్లో కాఫీ తాగలేదు. ఎందుకు తాగటంలేదో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆ పేరు ఎత్తకుండానే అందరికీ అన్నీ తెలుసు. గడప దాటని ఇల్లాలు. ఆవిడ చేసిన నేరం మొగుణ్ణి నమ్ముకోవటం.

అప్పుడొచ్చింది శ్రీకాకుళం వైపు నుంచి ఒక పిల్ల, ఏదో సంస్థలో కౌన్సిలర్ ఉద్యోగం మీద. ఆ యాసకి వీధిలో పిల్లలంతా నవ్వేవాళ్ళు. ఆ పిల్ల ఒకరోజు పట్టపగలు ఆవిడింటి అరుగుమీద కూర్చుని, ఆవిడ చేత కాఫీ పెట్టించుకుని, ఆవిడ తాగిన గ్లాసులోనే పోయించుకుని తాగింది. తాగుతూ, దారిన పోయేవాళ్ళకి వినబడేలా ఆ జబ్బు పేరు పలికి, "కాఫీతో రాదండీ, ముట్టుకుంటే రాదండీ" అంది. ఆవిణ్ణి వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు మొదలెట్టించింది. ఎనిమిది నెలలుండి బదిలీ మీద వెళ్ళిపోయింది.

ఆ కాఫీ మా వీధిలో ఆడవాళ్ళెవరూ తాగలేక కాదు. ఒకవేళ తాగితే రేపు ఇదే వీధిలో బతకాలి. "నీకెలా తెలుసమ్మా ఈ జబ్బుల సంగతులు?" అనే చూపుల మధ్య నీళ్ళు పట్టుకోవాలి. పైనుంచి వచ్చిన పిల్లకి ఆ బాధ లేదు. అనాల్సిన మాట అనేసి, దాంతో వచ్చే సిగ్గునంతా తన సంచిలో వేసుకుని బస్సెక్కింది. మాట మాత్రం వీధిలో మిగిలింది. ఆ పిల్ల వెళ్ళిన వారానికి మా అమ్మ రవికె గుడ్డ కుట్టించుకునే వంకతో ఆవిడింటికి వెళ్ళి కాఫీ తాగి వచ్చింది. ఆ తర్వాత ఎదురింటి మామ్మగారు. ఆవిడ ఈనాటికీ ఉంది. కుట్టు మిషను మీద కొడుకుని చదివించి, మొన్న శ్రావణంలో పెళ్ళి కూడా చేసింది.

కాబట్టి "వెళ్ళిపోయేవాళ్ళు" అనేది తిట్టు కానక్కర్లేదు. వెళ్ళిపోతారు గనకే కొన్ని మాటలు వాళ్ళు అనగలరు. కాకపోతే ఆ తర్వాత కాఫీ తాగటానికి వీధిలో ఒక అమ్మ ఉండాలి. ఆ అమ్మ లేనిచోట పరాయివాళ్ళు ఎన్ని మాటలు చెప్పినా గాలికి పోయిన పేలపిండే.

కెన్యాలో లైకిపియా అనే ప్రాంతంలో మాసాయి కుర్రాళ్ళ క్రికెట్ జట్టు ఒకటుంది. ఎర్రటి దుప్పట్లు, మెడలో పూసల దండలు, అదే వేషంలో బౌలింగ్ చేస్తారు. కోతుల మీద పరిశోధనలకి సంబంధించిన పనిమీద దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒకమ్మాయి వాళ్ళకి ఆట నేర్పింది. ఆట నేర్చుకున్న కుర్రాళ్ళు ఒక జట్టయ్యాక, తమ తెగలో ఆడపిల్లలకి చేసే కోత, ఆ ఘోరం మానిపించాలని పెద్దల ముందు నిలబడి అడిగారు. తమ చెల్లెళ్ళకోసం అడిగారు. 2015లో వాళ్ళమీద 'వారియర్స్' అని ఒక డాక్యుమెంటరీ వచ్చింది. ఆ మాట ఆ పరాయి అమ్మాయే పెద్దల సభలో అని ఉంటే ఏమయ్యేది? మర్యాదగా మంచినీళ్ళిచ్చి పంపేసేవాళ్ళు. ఇక్కడ పైనుంచి వచ్చింది బ్యాటు, లోపలినుంచి వచ్చింది మాట. ఏ మాట ఎవరి నోట రావాలో తెలుసుకోవటం దగ్గరే ఉంది చిక్కంతా.

ఇక ఆ పాఠాల్లో నాకు మింగుడుపడని సంగతి ఒకటి చెప్పాలి. ఆఫ్రికాలో చాలాకాలం ఏ-బి-సి అని పాఠం చెప్పారు. ఏ అంటే నిగ్రహం, బి అంటే ఒక్కరికే కట్టుబడి ఉండటం, సి అంటే కండోమ్. ఉగాండాలోనైతే ముసెవెని ప్రభుత్వం 1980ల చివర్లో "జీరో గ్రేజింగ్" అని నినాదమిచ్చింది. మేత కోసం ఊరుమీద పడక, కట్టుగొయ్య దగ్గరే మెయ్యమని. మగవాళ్ళకి చెప్పిన మాట కనక నాకు భలే నచ్చింది. కాని కట్టుగొయ్య దాటని ఆవు మాటేమిటి? మా వీధి ఆవిడకి ఈ మూడక్షరాల్లో పనికొచ్చేది ఏది? నిగ్రహం భార్య చేతిలో లేదు. కట్టుబడి ఉండటంలో ఆవిడకి ఎవరూ వంక పెట్టలేరు. మూడోది మొగుణ్ణి అడిగితే "నన్నే అనుమానిస్తావా?" అని చెయ్యెత్తుతాడు. బ్యాటు అడ్డం పెట్టమంటున్నారు సరే, బ్యాటు ఎవరి చేతిలో ఉందో చూడొద్దూ?

మా అమ్మాయి తిరిగొచ్చాక ఇదే అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఆఖరి రోజు, ఆట అయిపోయి స్టంపులు పీకి సంచిలో సర్దుతుంటే, పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్ల ఒకత్తి వచ్చి ఏదో అడిగిందట. వాళ్ళతో తిరిగిన స్థానిక టీచరమ్మ తర్జుమా చేసిందట. "మొగుడు వినకపోతే ఏం చెయ్యాలి?" అని.

"నాకేం తోచలేదు పిన్నీ. ఆ టీచర్ వైపు చూశాను. ఆవిడ ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. అది చూసి ఇంకో పదిమంది ఆడపిల్లలు వచ్చి చుట్టూ చేరారు. మగపిల్లల్ని బంతులేరుకు రమ్మని దూరంగా తోలేసింది. వాళ్ళ భాషలో పావుగంట పైనే మాట్లాడింది. మధ్యలో ఒకసారి అందరూ ఫక్కుమని నవ్వారు, ఒకసారి ఒక పిల్ల ఏడిచింది. మా వ్యాను డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఏం చెప్పారు అని అడిగాను."

"ఏమంది?"

"చెప్పలేదు. 'మీ వ్యాను వెళ్ళిపోతుంది, ఎక్కండి' అంది. ఆ బంతుల సంచీ మాత్రం నా చేతిలోంచి తీసుకుంది."